దడి అవతలి శ్రోత

ఆ ఆదివారానికి చంద్రమౌళి వేసుకున్న పథకంలో ఎలుగుబంటికి చోటు లేదు. పొద్దున్నే కాశీబుగ్గలో బస్సెక్కి మొగలిపుట్టుగలో దిగడం, అశ్విని చేత ఒక కథ చదివించుకుని వినడం, ఆ పిల్ల నానమ్మ పైడమ్మ ఇస్తానన్న పనసపండు పట్టుకుని భోజనం వేళకు ఇంటికి చేరడం. ఇంతే. పండు సంగతి ఆయన భార్య రమణి గుమ్మం దాకా వచ్చి మరీ గుర్తుచేసింది.

“పుస్తకాల సంచీ మరిచిపోయినా సర్దుకుంటాం గానీ పండు మరిచిపోకండి. ఉద్దానం పనస తొనలు పెడతానని వీధిలో నలుగురికీ చెప్పేశాను. ఉత్త చేతులతో వచ్చి ఏదో ఒక కథ చెప్పకండి,” అంది.

“కథలు చెప్పే పని మానేశాను కదే. ఇప్పుడు వినే పని,” అన్నాడు చంద్రమౌళి.

ఆయన ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. పలాస బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో, ఏది ఎందుకు రాలేదో ఉద్యోగమంతా చెప్పినవాడు. సోంపేట, టెక్కలి, మందస వైపు జనానికి ఆయన ముఖం తెలియకపోయినా గొంతు తెలుసు. రిటైరయ్యాక ఆ గొంతంతా ఇంట్లోనే ఖర్చు కావడం మొదలైంది. కూర ఏమిటో, పాలవాడు ఎందుకు రాలేదో కూడా అదే స్థాయిలో ప్రకటిస్తుంటే భరించలేక, రమణి ఎక్కడో విని ఆయనను ‘చదువుతోడు’లో చేర్పించింది. పలాసలో కొందరు కలిసి నడుపుకుంటున్న బృందం అది. ఒక్క పెద్ద మనిషికి ఒక్క బిడ్డ. వారానికోసారి వెళ్ళి పక్కన కూర్చుంటే బిడ్డ చదువుతుంది, పెద్దవాళ్ళు వింటారు. “పిల్లలు ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకండి. మీరూ ఆగండి,” అని శిక్షణలో ఒకటికి పదిసార్లు చెప్పారు. మైకు ఆగితే జనం బస్సు తప్పిపోతారని నమ్మిన మనిషికి అది పెద్ద శిక్షే.

ఆయన వాటాకు వచ్చింది అశ్విని. నాలుగో తరగతి. తల్లిదండ్రులిద్దరూ కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళతారు కాబట్టి నానమ్మ దగ్గరే ఎక్కువ. రెండో తరగతిలో ఒకరోజు పాఠం చదువుతూ ఎక్కడో తడబడితే క్లాసంతా నవ్వింది. ఆ రోజు లోపలికి పోయిన గొంతు మళ్ళీ బయటికి రాలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది. ఇంట్లో కూడా నానమ్మ చెవి దగ్గరికి వెళ్ళి చెబుతుంది. ఊళ్ళో పిల్లలు దానికి మూగమ్మ అని పేరు పెట్టేశారు. పెద్దవాళ్ళు కూడా ఆ పేరుతోనే పిలిచి, పాపం అనుకుంటూ ఉంటారు.

మొదటి వారాలలో అశ్విని చదువుతుంటే పెదవులు కదిలేవి, శబ్దం వచ్చేది కాదు. చంద్రమౌళి ఆగలేక ప్రతి మాటా ముందుగా అందించేశాడు. చూస్తే కథంతా ఆయనే చదివినట్టు తేలింది. ఆ తరవాత నాలుక కరుచుకుని కూర్చోవడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకు గుసగుస వచ్చింది. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తోచింది. వారం వారం తన ముక్కాలిపీటను కొంచెం కొంచెం దూరం జరపడం మొదలుపెట్టాడు. వసారాలో పక్కన కూర్చున్నవాడు స్తంభం దగ్గరికి వెళ్ళాడు, అక్కడి నుంచి నూతి గట్టుకు, ఆపైన పెరటి చివర కొబ్బరిచెట్టు కిందికి. “నేను బస్టాండులో ఆఖరి బెంచీ మీద ముసలాయననమ్మా, నాకు వినపడలేదు,” అనేవాడు. అశ్విని నవ్వి, ఒక మెట్టు గొంతు పెంచేది. ఇదంతా పైడమ్మ గిన్నెలు తోముకుంటూ, ఏమీ పట్టించుకోనట్టు నటిస్తూ వినేది.

ఆ ఆదివారం పీటకు పెరట్లో చోటు అయిపోయింది. మిగిలింది కొబ్బరాకుల దడి అవతల ఉన్న డొంకదారి.

“ఇయ్యాల దడి అవతల కూకుంటారా తాతగారూ?” అని అడిగింది అశ్విని.

“అవతలే. నువ్వు నాకు కనపడవు, నేను నీకు కనపడను. మైకు ముందు కూర్చున్నవాడికి జనం కనపడతారా? అయినా చెప్తాడు కదా.”

“మీకు ఇనబడకపోతే?”

“వినపడకపోతే దడి మీద కర్రతో కొడతాను. కొట్టలేదంటే వినపడినట్టే.”

అశ్విని సరేనంది. పుస్తకం కూడా తనే ఎంచుకుంది. ఒక అవ్వ ఇంటికి పనసపండు కోసం వచ్చిన ఎలుగుబంటి కథ. ఉద్దానం పిల్లలకు ఎలుగుబంటి అంటే వింత జంతువు కాదు, పొరుగింటి మనిషి. జీడిమామిడి పళ్ళు రాలే రోజుల్లో, పనస పండే రోజుల్లో అది తోటల్లోకి వచ్చి పోతూ ఉంటుంది. అందుకే ఊళ్ళో ఎవరూ దాని పేరు సరదాకు కూడా గట్టిగా ఎత్తరు.

చంద్రమౌళి డొంకలో పీట వేసుకుని, దడికి వీపు ఆనించి కూర్చున్నాడు. అశ్విని మొదలుపెట్టింది. మొదటి పేజీ మాటలు గాలికి కొట్టుకుపోయాయి. ఆయన దడి మీద కొట్టాడు. రెండో పేజీ బాగానే వినపడింది. అక్కడ ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. కానీ ఆ గొంతు వింటుంటే ఆయనకు ఆశ పుట్టింది. ఇంకొంచెం వస్తుందేమో చూద్దామని, చక్కగా వినపడుతున్నా సరే, ఇంకోసారి కొట్టాడు. అశ్విని ఊపిరి పీల్చుకుని, ఆఖరి బెంచీని దాటి రోడ్డు దాకా పోయేటట్టు అందుకుంది.

“ఎలుగుబంటి వచ్చింది. తోటలో ఉన్నవారందరూ వెంటనే ఇళ్ళకు వెళ్ళండి. అవ్వా, తలుపు గడియ వేసుకో. పిల్లలను లోపలికి తీసుకువెళ్ళండి... అని చిలుక అరిచింది.”

ఈ చివరి ముక్క వినడానికి పక్క తోటలో ఎవరూ మిగల్లేదు.

పక్క తోట ధనుంజయ్‌ది. జీడి పిక్కలు ఏరడానికి కూలీలను పెట్టుకుని, తనూ ఒక చెట్టు కింద వంగి ఏరుతున్నాడు. వంగినవాడు వంగినట్టే పరుగెత్తాడు. కూలీ ఆడవాళ్ళు ఇంకా బుట్టలు దించుతుండగానే ఆయన రోడ్డెక్కేశాడు. అక్కడ టీ బడ్డీ దగ్గర యుగంధర్ ఉన్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపూ పంచాయతీ మైకూ అతని చేతిలోనే ఉంటాయి కాబట్టి, పదవి లేకపోయినా నాయకుడు.

“ఏటి బావా, ఏటయ్యింది?”

“ఎలుగు.”

“ఎవులు సూసినారు?”

ధనుంజయ్ వెనక్కి చూశాడు. తను వదిలేసి వచ్చిన కూలీలు అప్పుడే వస్తున్నారు. కేక విని పారిపోయినవాడు పిరికివాడు, చూసి పారిపోయినవాడు తెలివైనవాడు. ఆయన ఎక్కువ సేపు ఆలోచించలేదు.

“నానే సూసినాను. గేదంతుంది. పక్కన పిల్ల కూడా ఉన్నట్టుంది. ఆపీసరోలు మైకులో అరుత్తన్నారు, ఇనబడనేదా?”

“ఆపీసరోలని నీకెలాగ తెలుసు?”

“మనోలు అలాగ మాటాడతారేటి? వెంటనే ఇళ్ళకు వెళ్ళండి అన్నారు. తీసుకువెళ్ళండి అన్నారు. మనూరోడైతే ఎలుగొచ్చింద్రా అని ఉరుకుతాడు గానీ, అంత సుబ్బరంగా నిలబడి సెప్తాడా? ఆడగొంతు. మేడమ్ ఎవులో వచ్చినట్టున్నారు.”

ఈ తర్కం అందరికీ నచ్చింది. యుగంధర్ వెంటనే అటవీ శాఖ బీటు ఆఫీసరు వైకుంఠరావుకు ఫోన్ చేశాడు. “సార్, మీ మేడమ్ గారు మా ఊళ్ళో అనౌన్స్‌మెంటు ఇచ్చారు. మీరు ఎక్కడున్నారు?” అని నిలదీశాడు. వైకుంఠరావు అప్పుడు ఇంట్లో పెసరట్టు ముందు కూర్చుని ఉన్నాడు. ఏ మేడమో ఆయనకు తెలియదు. కానీ తన బీటులో ఎలుగుబంటి వచ్చి, పైవాళ్ళెవరో వచ్చి, ప్రకటన కూడా చేసేసి, తనకు మాత్రం తెలియదని చెప్పుకోవడం ఎలా? “అవునవును, మా వాళ్ళే. నేను దారిలోనే ఉన్నాను,” అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

అధికారికంగా ధ్రువపడింది కాబట్టి యుగంధర్ పంచాయతీ మైకు అందుకున్నాడు. ఊరంతా బడి ఆవరణలోకి వచ్చేయాలని, అక్కడ గోడా గేటూ గట్టివని చెప్పాడు. దడి అవతల కూర్చున్న చంద్రమౌళికి ఆ మైకు వినపడింది గానీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. “మైకు నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఏదీ?” అని వృత్తిరీత్యా విసుక్కున్నాడు. ఈలోగా పైడమ్మ వచ్చి ఆయన భుజం పట్టుకుని లేపింది.

“లెగండి బాబూ, బడికాడికి. ఎలుగొచ్చిందంట.”

“పండు?” అన్నాడు చంద్రమౌళి. వసారా గట్టు మీద పనసపండు ఆయన కోసం తుడిచి పెట్టి ఉంది. వాసన డొంక దాకా వస్తోంది.

“పండట్టుకుని నడిత్తే అది మీ ఎనకాలే వత్తాది. ఒగ్గీండి.”

బడి వాళ్ళ ఇంటికి ఎదురుగానే, డొంక దాటితే వస్తుంది. ఆ రోజు ఆదివారమైనా వార్షికోత్సవం రిహార్సల్స్ కోసం హెడ్‌మిస్ట్రెస్ బిందుమాధవి బడి తెరిచే ఉంచింది. డాన్సు పిల్లలు ఒక పక్క, గరిటెలతో వచ్చిన ఆడవాళ్ళు ఒక పక్క, కర్రలు పట్టుకున్న మగవాళ్ళు గేటు దగ్గర. అప్పటికి ఎలుగుబంటిని చూసినవాళ్ళు బాగా పెరిగారు. ఒకాయన దాని గోళ్ళు చూశాడు. ఒకావిడ అది తన వైపు తిరిగి చూడడం చూసింది. ధనుంజయ్ మొదటివాడు కాబట్టి అందరికీ కలిపి మొదటి నుంచీ చెబుతున్నాడు.

“ఆ మేడమ్ ఏటన్నాదో తెలుసా? అవ్వా, తలుపు గడియ వేసుకో అంది. పిల్లలను లోపలికి తీసుకువెళ్ళండి అంది. నా సెవులతో ఇన్నాను.”

చంద్రమౌళికి చమట పట్టింది. ఆ వాక్యాలు ఆయన తెచ్చిన పుస్తకంలోవి. పక్కకు చూశాడు. పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని అశ్విని నిలబడి ఉంది. దానికి ఆయన కంటే ముందే అర్థమైపోయింది. పెదవులు బిగించుకుంది, సరిగ్గా మొదటి వారంలో బిగించుకున్నట్టే. ఆ ముఖం చూడగానే ఆయనకు నిజంగా భయం వేసింది. ఊరంతా కలిసి దీన్ని కసిరితే, లేదా ఊరంతా కలిసి నవ్వితే, ఇన్ని నెలల నుంచి పీట జరుపుకుంటూ రప్పించిన గొంతు మళ్ళీ లోపలికి పోతుంది. ఈసారి పోతే ఏ పీటకూ రాదు.

అంతలో వైకుంఠరావు జీపు వచ్చింది. వలలు, డప్పులు, బాణసంచా దించారు. దిగీ దిగగానే యుగంధర్ అడిగాడు.

“మీ మేడమ్ గారు ఎక్కడ సార్?”

వైకుంఠరావు తనతో వచ్చిన వాచర్ల వైపు చూశాడు. వాళ్ళు ఆయన వైపు చూశారు. “ఆవిడ... జాడ చూసుకుంటూ తోటల్లోకి వెళ్ళారు,” అన్నాడు.

“ఒక్కర్తేనా?” అంది గరిటెలవాళ్ళలో ఒకావిడ.

దాంతో ఎలుగుబంటి రెండో స్థానానికి వెళ్ళిపోయింది. పాపం, ఊరివాళ్ళను కాపాడడానికి వచ్చిన ఆడమనిషి ఒంటరిగా తోటలో చిక్కుకుపోయిందని మొగలిపుట్టుగ అల్లాడిపోయింది. యుగంధర్ ‘మహిళా అధికారిణికి ప్రమాదం’ అని గ్రూపులో పెట్టాడు. కాసేపటికి పక్క ఊరి కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చేశారు. మేడమ్‌ను వెతకడానికి జట్లు కట్టడం మొదలైంది. లేని మేడమ్ కోసం ఉన్న జనాన్ని తోటల్లోకి పంపితే ఏమవుతుందోనని వైకుంఠరావు హడలిపోయి, గొంతు సవరించుకుని తన అధికారమంతా ఒకేసారి వాడేశాడు. తాము చెప్పేదాకా ఎవరూ తోటల్లో అడుగు పెట్టకూడదన్నాడు. అవసరమైతే వారం పట్టవచ్చన్నాడు.

జనం ఒక్కసారిగా చల్లబడిపోయారు. పిక్కలు రాలే కాలం. వారం వదిలేస్తే రాలినవి రాలినట్టే పాడైపోతాయి. “ఏడాదంతా తినేది ఈ నెల కట్టమే కదా బాబూ,” అంది పైడమ్మ. ఆమెకు కూడా ఊరి చివర కొన్ని చెట్లున్నాయి. గొంతులో ఏడుపు వినపడింది. అశ్విని నానమ్మ వైపు చూసింది.

ఇక లాభం లేదని చంద్రమౌళి ముందుకు వచ్చాడు.

“అయ్యా, ఒక్క మాట. ఎలుగుబంటీ లేదు, మేడమూ లేదు. అది కథల పుస్తకం. నేను డొంకలో కూర్చుని గట్టిగా చదివాను. పొరపాటు నాదే.”

“మీరా?” అన్నాడు ధనుంజయ్. “మీ గొంతు మాకు తెలీదేటండి? టెక్కలి బస్సు కోసం కూకుని ఎన్నిసార్లు ఇన్నాం. ఇది ఆడగొంతు బాబూ. మీది మేకు దిగ్గొట్టినట్టుంటాది.”

అందరూ ఔనన్నారు. ఉద్యోగమంతా కష్టపడి సంపాదించుకున్న గొంతు ఇలా అడ్డం తిరుగుతుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. మరి ఎవరు చదివినట్టో బిందుమాధవి ఆలోచించింది. ఆమెకు ఆయన ఎవరి కోసం వస్తాడో తెలుసు.

“మీ దగ్గర చదివేది అశ్విని కదండీ? అది చదివిందంటారా?” ఆమె మంచి మనసుతోనే అడిగింది. “రెండేళ్ళుగా హాజరుకు కూడా పలకని పిల్లండీ. ఊరంతా వినపడేలా చదివిందంటే నేనెలా నమ్మను?”

“మూగమ్మా?” అని ఎవరో అన్నారు. గేటు దగ్గర నవ్వులు లేచాయి.

అశ్విని తల దించుకుంది. ఔను, అదే చదివింది అని చంద్రమౌళి ఒక్క మాట అంటే చాలు, కానీ ఆయన నాలుక చివర వంద మాటలు సిద్ధంగా ఉన్నాయి. మైకు ఉంటే ఆ పిల్ల గొప్పతనమంతా మందస దాకా వినిపించేవాడు. అయినా చెప్పలేదు. పిల్ల ఒక మాట దగ్గర ఆగింది. ఆయనా ఆగాడు. జీవితంలో అంత కష్టమైన పని ఆయన చేయలేదు. చేతిలో ఏమీ లేక, పక్కనున్న బడి తలుపు మీద వేలితో మెల్లగా కొట్టాడు.

అశ్విని తల ఎత్తింది. వరండా మెట్టు ఎక్కి పుస్తకం తెరిచింది. పేజీ వెతుక్కుంది.

“ఎలుగుబంటి వచ్చింది,” అని మొదలుపెట్టింది. మొదటి వాక్యం సన్నగా వచ్చింది. రెండోదానికి గేటు దగ్గరివాళ్ళు నవ్వు ఆపారు. “అవ్వా, తలుపు గడియ వేసుకో” దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు రోడ్డు దాటింది. టీ బడ్డీవాడు అక్కడి నుంచే “ఇదే, ఇదే మేడమ్” అన్నాడు. ఒకచోట తడబడింది కూడా. ఎవరూ నవ్వలేదు. ఇందాక తాము ఏమేం చూశామని చెప్పామో ఎవరికి వారు గుర్తు తెచ్చుకునే పనిలో ఉన్నారు. అశ్విని చిలుక అరిచిందన్న ముక్క దగ్గర ఆగి అందరినీ ఒకసారి చూసి, ఎవరూ ఆపమనలేదు కాబట్టి కథ చివరిదాకా చదివేసింది. కథలో ఎలుగుబంటి పండు తిని వెళ్ళిపోయింది. బిందుమాధవి ముఖం పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. చంద్రమౌళి తుడుచుకోలేదు, కారనిచ్చాడు.

“ఏటమ్మా ఇది? ఊరంతా బెదరగొట్టీసినావు,” అని యుగంధర్ అందుకోబోయాడు. పైడమ్మ అడ్డం వచ్చింది.

“దాన్ని ఏటీ అనకు. నా మనవరాలు నా ఇంట్లో కూకుని సదువుకుంది. మిమ్మల్ని ఎవులు ఉరకమన్నారు? ఏరా ధనుంజయా, గేదంత ఎలుగుని సూసినావు కదా, సెప్పు.”

ధనుంజయ్ నేల చూశాడు. “నాను సూడనేదత్తా. ఇన్నాను, ఉరికినాను. ఉరికినాక సూసినట్టు అనిపించింది.”

గోళ్ళు చూసినాయన అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. అందరికంటే సంతోషించింది వైకుంఠరావు. మేడమ్ దొరికింది, క్షేమంగా ఉంది. జరిగినదంతా ప్రజలకు అవగాహన కల్పించడం కోసమేనని ఆయన ప్రకటించి, వలలు జీపులో వేయమన్నాడు. బిందుమాధవి అశ్విని దగ్గరికి వచ్చి, వార్షికోత్సవంలో ఈ కథే చదువుతావా అని అడిగింది. అశ్విని చెయ్యెత్తబోయి, దించేసి, “సదువుతానండి,” అంది.

సభ ముగిసినట్టే అనుకున్నారు. ధనుంజయ్ తలవంచుకుని, తోటలో వదిలేసిన బుట్టల కోసం వెళ్ళాడు. అంతలోనే పరుగెత్తుకుంటూ తిరిగి వచ్చాడు. ఈసారి ముఖంలో నెత్తురు లేదు.

“ఎలుగు. పైడమ్మత్త పెరట్లో ఉంది. పనసపండు తింతంది.”

“సూసినావా బావా, సూసినట్టు అనిపించిందా?” అన్నాడు యుగంధర్. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. వైకుంఠరావు గడియారం చూసుకున్నాడు. ధనుంజయ్ ఒట్టు వేశాడు, పిల్లల మీద ప్రమాణం చేశాడు, చివరికి తిట్టాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత నవ్వారు. ఇక ఆయన ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక, మెట్టు మీద కూర్చున్న అశ్విని ముందుకు వచ్చి చేతులు జోడించినంత పని చేశాడు.

“అమ్మా, నా మాట ఎవులూ ఇనడం నేదు. నీ గొంతుతో ఓపాలి సెప్పమ్మా. నీ మాటైతే ఇంతారు.”

అశ్విని లేచింది. ముందు కుళాయి గట్టు ఎక్కి, ప్రహరీ మీద నుంచి డొంక అవతలకు చూసింది. తమ వసారా కనిపించింది. వసారా గట్టు దగ్గర నల్లగా ఒక వీపు కూడా కనిపించింది. దిగకుండానే ఇటు తిరిగింది. చేతిలో పుస్తకం మూసే ఉంది.

“ఎలుగొచ్చింది. మా పెరట్లో ఉంది. అందరూ లోపలికెళ్ళిపోండి,” అంది. నవ్వుతున్నవాళ్ళు ఆమె చేతిలోని పుస్తకం వైపు చూడడం గమనించి, ఒక మాట కలిపింది. “ఇది పుస్తకంలోది కాదు.”

అరవలేదు, చెప్పింది. అయినా గేటు దాకా వినపడింది. అంతే, కర్రలూ గరిటెలూ అన్నీ ఒక్క తలుపులోంచి లోపలికి దూరాయి. వైకుంఠరావు అందరికంటే ముందు దూరి, ఉద్యోగం గుర్తొచ్చి మళ్ళీ బయటికి వచ్చాడు. చంద్రమౌళి మాత్రం అశ్విని దిగేదాకా గట్టు దగ్గరే నిలబడ్డాడు. ఆ నాలుగు ముక్కలూ ఎవరూ రాసిపెట్టినవి కావు, ఆ పిల్ల సొంతం. ఆయన పొంగిపోయాడు. ఎలుగుబంటి ఉన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయాడు.

డప్పులు మోగించి, రెండు టపాకాయలు కాల్చేసరికి ఎలుగుబంటి పండు పూర్తి చేసుకుని, పెద్ద తొందరేమీ లేకుండా తోటల వైపు వెళ్ళిపోయింది. ధనుంజయ్ కనిపించినవాళ్ళందరికీ “సెప్పినానా, సెప్పినానా” అని చెప్పుకుంటూ తిరిగాడు.

చంద్రమౌళి ఇంటికి చేరేసరికి భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది. రమణి గుమ్మంలోనే ఆయన చేతులు చూసింది.

“పండేదీ?”

“ఎలుగుబంటి తినేసింది.”

రమణి ఆయనను పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది. చంద్రమౌళి బస్టాండు గొంతుతో జరిగిందంతా మొదటి నుంచీ చెప్పాడు. ఆమె ఒక్క ముక్కా నమ్మలేదు. చివరికి మొగలిపుట్టుగకు ఫోన్ కలిపి, అశ్విని చేత చెప్పించవలసి వచ్చింది.